చిక్కుడుకాయ నేర్పిన పాఠం: కాలం, కూరగాయ, కృతజ్ఞత

ఈ రోజు ఎపిసోడ్‌లో పెద్ద పెద్ద విషయాలేమీ లేవు. ఒక సంచి చిక్కుడుకాయల గురించి చెప్తాను. ఆ సంచి నుంచే కాలానికి తగ్గ కూరగాయలు, సాదా బతుకు, కృతజ్ఞత, ఈ మూడింటి గురించీ మాట్లాడుకుందాం.

నేను హైదరాబాద్‌లో అమీర్‌పేటలో కోచింగ్ తీసుకుంటున్న రోజులు. చలికాలం. అమ్మ ఊరి నుంచి బోధన్ బస్సులో ఒక సంచి పంపింది. నిండా చిక్కుడుకాయలు. అడుగున నాలుగు వంకాయలు, కొంచెం పచ్చిమిర్చి. రూమ్‌లో స్టవ్ ఉంది, నూనె ఉంది. కానీ ఈనెలు తీసి వండే ఓపిక ఎవరికి ఉంది? ఫోన్ తీసి బిర్యానీ ఆర్డర్ పెట్టుకున్నా. సంచి మూలకు పెట్టా. వారం తర్వాత వాసన వస్తుంటే చూశా. మొత్తం కుళ్ళిపోయింది. తీసుకెళ్ళి చెత్తకుండీలో పడేశా.

ఆ రోజు సాయంత్రమే అమ్మ ఫోన్. "చిక్కుడుకాయ ఎట్లుంది కొడుకా? లేతగుందా?" అని అడిగింది. "మస్తుందమ్మా" అన్నా. అంతే. అబద్ధం చెప్పినట్టు కూడా అనిపించలేదు నాకు. కూరగాయలే కదా, కిలో ఎంతుంటుంది అనుకున్నా.

ఆ కిలో ఎంతుంటుందో తెలియడానికి నాకు ఇంకో రెండేళ్ళు పట్టింది.

మా ఊరు, మా నీళ్ళు

ముందు మా ప్రాంతం గురించి రెండు మాటలు. మాది నిజాంసాగర్ కాలువ కింద ఊరు. మంజీర నది మీద ఈ ప్రాజెక్టు పని 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఏడో నిజాం కాలం. ఇంజినీర్ నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆ నీళ్ళ మీద చెరకు వచ్చింది. చెరకు మీద బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీల్లో ఒకటిగా దాని పేరు చెప్పేవాళ్ళు. దాని చుట్టూ వెలిసిన కాలనీకి శక్కర్‌నగర్ అనే పేరు. మా తాతల తరంలో చెరకు బండి లేని ఇల్లు తక్కువ. 2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీ మూతపడింది. ఇప్పుడు మా దగ్గర ఎక్కువగా కనపడేది వరి, పసుపు, సోయా, మక్క. ఆర్మూర్ వైపు ఎర్రజొన్న.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఒకే పంట మీద, ఒకే ఫ్యాక్టరీ మీద ఒక ప్రాంతం మొత్తం ఆధారపడితే ఏమవుతుందో మేము కళ్ళారా చూశాం. చెరకు పొలంలో పది పన్నెండు నెలలు ఉంటుంది. నీళ్ళు బాగా తాగుతుంది. 2015–16 కరువులో పైన సింగూరు, కింద నిజాంసాగర్ రెండూ అడుగంటినప్పుడు, కాలువ కింద భూమి ఉన్నవాళ్ళు కూడా ఆకాశం వైపు చూడాల్సి వచ్చింది.

అప్పుడు కూడా మా ఇంట్లో కూరకు లోటు రాలేదు. బాయి పక్కన అమ్మ చేసే 20 గుంటలే కారణం. అంటే అర ఎకరం. బాపు దాన్ని ఎప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు. "అది మీ అమ్మ మడి" అనేవాడు. బ్యాంకు పాస్‌బుక్కులో కనిపించని ఆ మడే ఇంట్లో అందరికీ అన్నంలోకి కూర పెట్టింది.

చిక్కుడు ఎందుకు ఆగుతుంది?

2020 లాక్‌డౌన్‌లో నేను ఊరికి వచ్చేశా. పని లేదు. జూన్‌లో తొలకరి పడ్డాక అమ్మతో పాటు నేను కూడా చిక్కుడు గింజలు పెట్టా. నాలుగు గుంటల్లో పందిరి వేశా. తీగ బాగా పాకింది. జులై పోయింది, ఆగస్టు పోయింది, సెప్టెంబర్ వచ్చింది. పందిరి నిండా ఆకు. ఒక్క పువ్వు లేదు. ఇది గొడ్డుతీగ, పీకేసి వేరేది పెడదాం అన్నా. అమ్మ నవ్వి, "ఆగు కొడుకా, చలి పెట్టనియ్యి" అంది.

అమ్మ చెప్పిన దాంట్లో సైన్స్ ఉందని నాకు తర్వాత తెలిసింది. నాటు చిక్కుడు పగటి పొడవును లెక్కపెట్టుకునే మొక్క. పగలు పొడుగ్గా ఉన్నన్ని రోజులు ఆకు, తీగ మాత్రమే పెంచుతుంది. దసరా దాటి పగలు చిన్నగా, రాత్రి పొడుగ్గా అవుతుంటే అప్పుడు పూతకు వస్తుంది. ఎంత ఎరువు వేసినా, ఎంత నీళ్ళు పెట్టినా దాని లెక్క దానిదే. అందుకే సంక్రాంతికి చిక్కుడుకాయ కూర, రథసప్తమికి చిక్కుడుకాయలతో చేసే రథం. ఆ రోజుల్లో పందిరి నిండా ఉండేది అదే మరి. మన పండుగల్లో ఏ కాయ వాడతారో చూస్తే అది ఏ కాలం కాయో తెలిసిపోతుంది.

ఏడాది పొడవునా కాసే పొట్టి రకాలు కూడా ఉన్నాయి. బెంగళూరులోని ఐఐహెచ్ఆర్ వాళ్ళు తయారుచేసిన అర్క జయ్, అర్క విజయ్ అలాంటివే. వాటిని తప్పు పట్టట్లేదు. కానీ పందిరి చిక్కుడు ఎందుకు ఆగుతుందో తెలిస్తే, మిగతా కూరగాయల లెక్క కూడా అర్థమవుతుంది.

టమాటా తీసుకోండి. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా చల్లబడకపోతే దాని పూత రాలిపోతుంది, పిందె కట్టదు. మా నిజామాబాద్ ఎండలు ఎట్లుంటాయో మీకు తెలుసు. అందుకే ఎండాకాలం చివర, వానకాలం మొదట్లో టమాటా తక్కువ వస్తుంది. 2023 జులైలో దేశంలో చాలాచోట్ల కిలో 150 రూపాయలు దాటింది గుర్తుందా? దానికి వానలు, తెగుళ్ళు ఇంకా చాలా కారణాలు ఉన్నాయి. కానీ ఏడాది మొత్తం ప్రతి కూరలో టమాటా ఉండాల్సిందే అని మనం పట్టుబట్టడం కూడా ఒక కారణమే. మా అమ్మ ఆ నెలలో చింతపండు, పుంటికూరతోనే పులుపు తెచ్చింది.

అలాగే గోబీపువ్వు గడ్డ కట్టాలంటే చల్లదనం కావాలి. కొత్తిమీర, మెంతికి ఎండ ఎక్కువైతే ఆకు ఆగిపోయి తొందరగా పూతకు వెళ్ళిపోతాయి. బెండ, బీర, సొర లాంటివి వేడిని ఇష్టపడతాయి, చలికి ముడుచుకుంటాయి.

మా మడిలో ఏడాది

వానకాలంలో బెండ, గోకరకాయ, బీర, కాకర, పొట్ల, దోస. ఆకుకూరల్లో తోటకూర, పుంటికూర, గంగవాయిలి కూర. గట్ల మీద ఎవ్వరూ పెట్టకుండానే వచ్చేవి కొన్ని. బోడకాకరకాయ చెలకల్లో, కంచెల్లో దొరుకుతుంది. వినాయక చవితి రోజు మా వైపు తుమ్మికూర వండుకుంటాం. అది కూడా ఎవరూ విత్తనం వేసింది కాదు.

చలికాలంలో చిక్కుడు, వంకాయ, టమాటా, గోబీ, క్యాబేజీ, ముల్లంగి, క్యారట్, పాలకూర, మెంతికూర, కొత్తిమీర. ఇది మడికి పెళ్ళిళ్ళ సీజన్ అనుకోండి. ఏది కోయాలో తెలియనంత ఉంటుంది.

ఎండాకాలంలో సొర, దోస, గుమ్మడి, మునక్కాయ, మామిడికాయ, చింతచిగురు. కొరత ఉండే కాలం ఇదే. అందుకే అమ్మ ముందే గోకరకాయ, వంకాయ, కాకర కోసి ఎండబెట్టి ఒరుగులు చేసి డబ్బాల్లో దాస్తుంది. ఫ్రిజ్ లేని రోజుల నుంచి వస్తున్న పద్ధతి ఇది. ఎండ మీద కోపం తెచ్చుకోకుండా, ఆ ఎండతోనే పని చేయించుకోవడం.

ఇందులో గమ్మత్తు ఏంటంటే, ఒక్కో కూర వెళ్ళిపోతుంటే బాధేస్తుంది. మళ్ళీ వచ్చినప్పుడు కొత్తగా ఉంటుంది. ఫిబ్రవరి తర్వాత చిక్కుడు ఉండదు అని తెలిస్తే జనవరిలో తినే ముద్ద రుచే వేరు. రోజూ దొరికేదానికి మనం థాంక్స్ చెప్పం. దొరకని రోజు ఒకటి ఉంటేనే దొరికిన రోజు విలువ తెలుస్తుంది. నాకు కృతజ్ఞత ఎక్కడో పుస్తకంలో రాలేదు ఫ్రెండ్స్, ఇక్కడే వచ్చింది.

మట్టికి అప్పు పడ్డాం

ఇప్పుడు భూమి సంగతి. నిజాంసాగర్ కట్టినప్పుడు దాదాపు 30 టీఎంసీల నీళ్ళు పట్టేది. పూడిక చేరి చేరి సగానికి పైగా తగ్గిపోయింది. తర్వాత గేట్ల ఎత్తు పెంచినా ఇప్పుడు పట్టేది 17.8 టీఎంసీలే. ఆ పూడిక అంటే ఏంటి? మంజీర పైన ఎవరెవరి పొలాల్లోనో వానకు కొట్టుకొచ్చిన మట్టి. పంట పండించే పైపొర అది. అంటే రైతులకు బువ్వ పెట్టాల్సిన మట్టి ప్రాజెక్టు అడుగున పడుకుంది.

అది తెలిశాక నేను మడిలో నేలను ఖాళీగా ఉంచడం మానేశా. గడ్డి, ఆకు, మక్క చొప్ప ముక్కలు పరుస్తా. వాన చినుకు నేరుగా మట్టిని కొట్టదు, మట్టి కొట్టుకుపోదు, తేమ ఆగుతుంది, కలుపు తగ్గుతుంది. చిక్కుడు, అలసంద, గోకర లాంటివి ఏదో ఒక మూల తప్పకుండా ఉంటాయి. వాటి వేర్ల బుడిపెల్లో ఉండే రైజోబియం అనే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చేలా మారుస్తుంది. యూరియా బస్తా చేసే పనిలో కొంత ఇవి ఉచితంగా చేసిపెడతాయి.

ఇంక జీవామృతం. సుభాష్ పాలేకర్ గారు ప్రచారం చేసిన పద్ధతి. ఆయనకు 2016లో పద్మశ్రీ వచ్చింది. ఎకరానికి లెక్క ఇది: 200 లీటర్ల నీళ్ళు, 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గట్టు మీది గుప్పెడు మట్టి. నీడలో పెట్టి రోజూ కలుపుతూ రెండు రోజులు పులియనిచ్చి నేలకు ఇవ్వాలి. బెల్లం సూక్ష్మజీవులకు తిండి, పిండి కూడా అంతే. నాకు నచ్చిన విషయం ఏంటంటే, మా తాత పండించిన చెరకు ఫ్యాక్టరీకి పోయింది, నేను కొనే బెల్లం మళ్ళీ మట్టికి పోతోంది.

కానీ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఇది మంత్రం కాదు. రసాయనాలు ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రెండు మూడేళ్ళు దిగుబడి తగ్గొచ్చు. నాకు తగ్గింది. మొదటి ఏడాది వంకాయను కాయతొలుచు పురుగు సగం తినేసింది. 2021లో శ్రీలంక ప్రభుత్వం దేశం మొత్తం ఒక్కసారి రసాయన ఎరువులు నిషేధించి, పంటలు దెబ్బతిని, అదే ఏడాది వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. కాబట్టి వీడియో చూసి మీ నాన్నతో గొడవపడి మొత్తం పొలం మార్చేయకండి. రెండు గుంటలతో మొదలుపెట్టండి. ఇంటికి తినే కూరగాయల వరకు ముందు చూడండి. మేము వరికి, పసుపుకు ఇంకా పూర్తిగా మారలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్తున్నా.

పస్తాపూర్ ఆడవాళ్ళు

మాకు పైన, ఇదే మంజీర పరీవాహకంలో జహీరాబాద్ ఉంది. దాని పక్కన పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అని 1983లో మొదలైంది. అక్కడ సంఘాల్లో ఉన్నది ఎక్కువగా దళిత మహిళలు, చిన్న చిన్న చెలకలు ఉన్నవాళ్ళు. ఒకే చెలకలో జొన్న, కొర్ర, కంది, అనుము, నువ్వు ఇలా చాలా పంటలు కలిపి వేస్తారు. విత్తనం ఇంట్లోనే బుట్టల్లో బూడిద, వేపాకు వేసి దాస్తారు. సంక్రాంతి టైంలో పాత పంటల జాతర పేరుతో బండ్లు కట్టి ఊరూరా ఆ విత్తనాలను ఊరేగిస్తారు. 2008లో సొంతంగా సంఘం రేడియో పెట్టుకున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ ప్రైజ్ వాళ్ళకు వచ్చింది.

వాళ్ళ నుంచి నేర్చుకోవాల్సింది ఒకటి ఉంది. మనం కలుపు అని పీకి పారేసే ఆకుల్లో చాలావరకు వాళ్ళకు కూర. పంటతో పాటు తనంతట తాను వచ్చే ఆకుకూరను వాళ్ళు లెక్కలో వేసుకుంటారు. మందు కొడితే కలుపుతో పాటు ఆ కూర కూడా పోతుంది. మన బతుకమ్మ కూడా అంతే కదా? గునుగు పువ్వు పొలంలో ఉంటే కలుపు. అదే పళ్ళెంలో పేరిస్తే బతుకమ్మ. పువ్వు మారలేదు, మనం చూసే చూపు మారింది.

కృతజ్ఞత అంటే నోరు మూసుకోవడం కాదు

కృతజ్ఞత గురించి ఫోన్‌లో చాలా రీల్స్ వస్తుంటాయి. పొద్దున లేచి థాంక్స్ చెప్పండి, లైఫ్ మారిపోతుంది అని. పూర్తిగా కొట్టిపారేయను. 2003లో అమెరికాలో ఎమ్మన్స్, మెక్‌కల్లో అనే ఇద్దరు సైకాలజిస్టులు స్టూడెంట్స్‌తో ఒక పరిశోధన చేశారు. ఒక గుంపు వారానికోసారి, పది వారాల పాటు తమకు జరిగిన మంచి విషయాలు ఐదు వరకు రాసింది. ఇంకో గుంపు చికాకులు రాసింది. మంచిని రాసినవాళ్ళు తమ జీవితం గురించి మెరుగ్గా భావించారని తేలింది. కాబట్టి ఇందులో విషయం ఉంది.

కానీ ఇంకో కోణం ఉంది. ఒకసారి మేము 12 పెట్టెల టమాటా అమ్మడానికి తీసుకెళ్తే కిలోకు మూడు రూపాయలు అన్నారు. బండి కిరాయి కూడా రాదు. అప్పుడు మా బాపుతో "ఉన్నదాంతో తృప్తి పడాలి" అని ఎవరైనా అంటే ఎలా ఉంటుంది? కొట్టాలనిపిస్తుంది. కృతజ్ఞత పేరుతో అన్యాయాన్ని మింగమని చెప్పకూడదు. మేలు చేసినవాళ్ళను మరిచిపోకపోవడం కృతజ్ఞత. మేలు చేసినవాళ్ళకు న్యాయమైన ధర అడిగితే ఇవ్వడం కూడా కృతజ్ఞతే. ఏసీ షాపులో చెప్పిన ధర ఇచ్చి, అంగట్లో కింద కూర్చున్న అవ్వ దగ్గర ఐదు రూపాయలు బేరమాడి, ఇంటికొచ్చి "అన్నదాతా సుఖీభవ" అని స్టేటస్ పెడితే దాన్ని ఏమనాలి?

సాదా బతుకు కూడా అంతే. లేక సర్దుకోవడం పేదరికం. ఉన్నా అక్కర్లేదని వదిలేయడం సాదాతనం. రెండూ ఒకటి కాదు. కూలికి వచ్చే అక్కకు సాదాగా బతకమని నేను చెప్పను. ఆమె ఇప్పటికే బతుకుతోంది. ఆ మాట నాకు నేను చెప్పుకోవాలి. ఫోన్ రెండేళ్ళకోసారి ఎందుకు మారుస్తున్నా, వారంలో ఎన్నిసార్లు బయట ఆర్డర్ పెడుతున్నా, ఫ్రిజ్‌లో ఎన్ని పారేస్తున్నా అని.

మీరు ఏం చేయొచ్చు?

పొలం లేనివాళ్ళు కూడా చేయగలిగినవే చెప్తాను.

ఒకటి, ఈ నెలలో మీ ఊళ్ళో సహజంగా పండేవి ఏంటో అమ్మనో, అమ్మమ్మనో, అంగట్లో కూర్చున్న రైతునో అడగండి. ఐదు పేర్లు ఫోన్ నోట్స్‌లో రాసుకోండి. ఈ నెల కొనేవాటిలో సగం అవే ఉండేలా చూడండి. కాలం కాయ సాధారణంగా చవగ్గా, తాజాగా ఉంటుంది. రోజుకు కనీసం 400 గ్రాముల కూరగాయలు, పండ్లు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. జేబుకు భారం కాకుండా అంత తినాలంటే దారి ఇదే.

రెండు, వారానికి ఒక్క కూర మొదటి నుంచి చివరి వరకు మీరే చేయండి. ఈనెలు తీయడం, కోయడం, పోపు పెట్టడం అన్నీ. అరగంట చిక్కుడు ఈనెలు తీస్తే ఇంట్లో రోజూ ఆ పని చేసేవాళ్ళ మీద గౌరవం దానంతట అదే వస్తుంది.

మూడు, ఒక కుండీలో మెంతులు చల్లండి. వంటింట్లో ఉన్న మెంతులే చాలు. చలికాలంలో మూడు నాలుగు వారాల్లో కోతకు వస్తుంది. చిన్న కట్ట రావడానికి ఎన్ని రోజులు పట్టిందో లెక్కపెట్టండి.

నాలుగు, చిన్న రైతు దగ్గర కొన్నప్పుడు బేరం ఆడకండి. కుదిరితే ఒకే రైతు దగ్గర ప్రతివారం కొనండి. సర్టిఫికెట్ కంటే ముందు పరిచయం పెంచుకోండి. ఏం మందు కొట్టావు అని అడిగే చనువు అప్పుడు వస్తుంది.

ఐదు, పారేసింది రాయండి. వారంలో ఏ కూర ఎంత పారేశామో. మంచి విషయాల లిస్టు కంటే ఈ లిస్టే నన్ను ఎక్కువ మార్చింది.

ఆ సంచి

చివరిగా మళ్ళీ నా చిక్కుడు దగ్గరికి వస్తా. 2020 నవంబర్‌లో ఒకరోజు పొద్దున్నే మంచులో చూస్తే పందిరి మీద ఊదారంగు పూత. జూన్‌లో పెట్టిన గింజ. తొలి కాయ తెంపేసరికి ఐదు నెలలు దాటింది. అది చేతిలో పెట్టుకున్నప్పుడు అమీర్‌పేట రూమ్ మూలన పెట్టిన సంచి గుర్తొచ్చింది. ఐదు నెలల ఎదురుచూపు, పొద్దున్నే చలిలో ఒక్కో కాయ తెంపిన చేతులు, బస్టాండ్ దాకా మోసుకొచ్చిన నడక. అదంతా నేను చెత్తకుండీలో వేశా.

ఆ రోజు రాత్రి అన్నం తింటూ అమ్మకు నిజం చెప్పేశా. "అప్పుడు నువ్వు పంపిన చిక్కుడుకాయ నేను వండలేదమ్మా, కుళ్ళబెట్టిన" అని. అమ్మ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఇంకొంచెం కూర వడ్డించి, "ఎరికెనే కొడుకా. నీ గొంతుల తెలిసింది. ఇప్పుడు తిను" అంది.

ఆ ముద్ద నాకు ఇప్పటికీ గుర్తుంది.

మీ ఇంటి నుంచి కూడా ఎవరో ఒకరు ఏదో ఒకటి పంపి ఉంటారు. పచ్చడి సీసానో, బియ్యం బస్తానో, నాలుగు కాయలో. ఈ ఎపిసోడ్ అయ్యాక రీల్ మార్చే ముందు వాళ్ళకు ఒక ఫోన్ చేయండి. బాగుంది అని చెప్పండి. వండుకుని, తిని, నిజంగానే బాగుంది అని చెప్పండి.

మళ్ళీ కలుద్దాం. అప్పటిదాకా కాలానికి తగ్గ కూర తినండి, బాగుండండి. నమస్తే.